నట్టింట హరిశ్చంద్రుడు

నాటకాన్ని దృశ్యకావ్యమన్నారు ఆలంకారికులు. తెలుగువారి పద్యనాటకానికి ఆ మాట సగం మేరకే వర్తిస్తుంది. రాత్రి పది గంటలకు తెర లేచి, తొలికోడి కూసే వేళకు ముగిసే ఆ నాటకాలకు బండ్లు కట్టుకొని వెళ్ళినవారిలో చాలామంది చూడడానికి కాక వినడానికి వెళ్ళినవారే. చాపమీద ఒక పక్కకు ఒరిగి, కళ్ళు మూసుకొని, పద్యం చివర రాగం తారస్థాయిని అందుకొన్నప్పుడు మాత్రం లేచి కూర్చొని 'వన్స్‌మోర్' అని కేకవేసే రసికులు ప్రతి ఊరిలోనూ ఉండేవారు. కథ వారికి ముందే తెలుసు. పాత్రలు తెలుసు. పద్యాలలో సగం కంఠస్థం. తెలియనిదల్లా ఆ రాత్రి ఆ నటుడు ఆ పద్యాన్ని ఎట్లా పాడతాడన్నది ఒక్కటే.

అటువంటి నాటకం నేడు ఇంటి గోడమీది టెలివిజన్‌లోకి, అరచేతిలోని ఫోనులోకి వచ్చి చేరింది. తిరునాళ్ళలో ఎవరో చిత్రీకరించిన ప్రదర్శనలు, పరిషత్తుల పోటీలలో ఆడినవి, పాత క్యాసెట్లలోని ధ్వనిముద్రణలు వెతికితే యూట్యూబులో దొరుకుతున్నాయి. ఇక్కడ పందిరి లేదు. పక్కన కూర్చున్న ఊరు లేదు. ఒకరు కొడితే పదిమంది అందుకొనే చప్పట్లు లేవు. ఈ మూడూ తొలగిపోయిన తరువాత నాటకంలో మిగిలేది ఎంత? ఆ మిగిలినది తరతరాలుగా దానికి దక్కుతున్న ప్రశంసకు తగినదేనా? బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచించిన హరిశ్చంద్ర నాటకాన్ని ఇంటిలో కూర్చొని చూసేవారికి ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు.

హరిశ్చంద్రుని కథ చాలా దూరం నడిచి వచ్చిన కథ. ఐతరేయ బ్రాహ్మణంలో కనిపించే హరిశ్చంద్రుడు సత్యవ్రతుడు కాడు. కొడుకు పుడితే ఆ కొడుకునే బలి ఇస్తానని వరుణునికి మాట ఇచ్చి, తీరా పుట్టిన తరువాత పళ్ళు రానిమ్మని, ఆ పళ్ళు ఊడనిమ్మని, ఆయుధం పట్టే వయసు రానిమ్మని వాయిదాలు వేసిన తండ్రి ఆయన. మార్కండేయ పురాణానికి వచ్చేసరికి ఆ వాయిదాల రాజే ఆడి తప్పనివాడయ్యాడు. రాజ్యాన్ని విశ్వామిత్రునికి ధారపోసి, దక్షిణ బాకీ తీర్చడానికి కాశీ వీథులలో ఆలిని, బిడ్డను అమ్మి, తాను కాటికాపరికి అమ్ముడుపోయాడు. గౌరన ఈ కథను ద్విపదలో హరిశ్చంద్రోపాఖ్యానంగా తెలుగువారికి అందించాడు. చదువు రానివారు సైతం పాడుకొనగలిగిన ఛందస్సు ద్విపద. కథ తెలుగు జనంలోకి దిగడానికి అది మంచి మెట్టయింది.

లక్ష్మీకాంతకవి (1881–1953) ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో ఈ కథను రంగస్థలానికి తెచ్చారు. రాసి ఊరుకొన్నవారు కారు; నక్షత్రకుని వేషం తామే కట్టేవారు. కథానాయకుని వేషాన్ని విడిచి, బాకీ వసూలుకు వెంటపడే శిష్యుని వేషాన్ని కోరుకొన్న కవికి తన నాటకంలో ప్రాణం ఎక్కడున్నదో బాగా తెలుసునన్నమాట. అప్పులవాళ్ళు వెంటబడితే 'నక్షత్రకుడిలా పట్టుకొన్నాడు' అనడం తెలుగునాట నేటికీ వినిపిస్తుంది. ఆ తరువాతి తరాలలో బండారు రామారావు, డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు వంటి నటగాయకులు హరిశ్చంద్ర పాత్రతోనే పేరు పొందారు. సినిమా కూడా ఈ కథను వదలలేదు. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో నిర్మించిన మన దేశపు తొలి పూర్తి నిడివి కథాచిత్రం హరిశ్చంద్రునిదే. 1935 నాటి తెలుగు చిత్రంలో అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, కన్నాంబ చంద్రమతి. 1965లో ఎన్.టి. రామారావు ఆ వేషం వేశారు. చిన్ననాట గుజరాతు దేశంలో హరిశ్చంద్ర నాటకం చూసి ఎన్నిమార్లు ఏడ్చారో, ఆ నాటకాన్ని మనసులో తమకు తాము ఎన్నిమార్లు ఆడుకొన్నారో గాంధీజీ తమ ఆత్మకథలో చెప్పుకొన్నారు. ఇంత కీర్తి గల కథను గూర్చి ప్రశంసార్హమా కాదా అని అడగడమే కొందరికి అపచారంగా తోచవచ్చు. అడిగితే తప్పు లేదు. అడగకుండా పొగడడం వల్లనే కళలకు ఎక్కువ కీడు జరిగింది.

ఇంటిలో నాటకం అనుభవించడం నిజానికి కొత్త సంగతి కాదు. కలిగినవారి ఇళ్ళలో గ్రామఫోను ఉన్న కాలంలోనే పద్యనాటకం నట్టింటికి వచ్చింది. ఆనాటి రికార్డు ఒక వైపు తిరిగేది సుమారు మూడు నిమిషాలే. రంగస్థలంమీద ఒక పద్యానికి పది నిమిషాలు తీసుకొనే గాయకుడు, రికార్డు ముందు కూర్చున్నప్పుడు ఆ మూడు నిమిషాలలోనే పద్యం చదవాలి, రాగం చూపాలి, ముగించాలి. అందుచేత ఆ పాత రికార్డులలో పద్యం చెక్కిన శిల్పంవలె ఉంటుంది. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన తరువాత రేడియో నాటకం వచ్చింది. అక్కడ కిరీటం లేదు, గద లేదు, రంగు తెర లేదు. ఉన్నది గొంతు ఒక్కటే. తరువాత క్యాసెట్లు వచ్చి సైకిలు షాపులలో, కాఫీ హోటళ్ళలో కూడా కాటిసీను వినిపించాయి. ఇవన్నీ నాటకాన్ని చెవికి అందించినవే. కంటికి కూడా అందించి, నటుని ముఖాన్ని ప్రేక్షకునికి మూరెడు దూరంలోకి తెచ్చింది మాత్రం నేటి తెరయే. చిక్కంతా అక్కడ వచ్చింది.

తెనాలి ప్రాంతపు ఒక ఇంటి సంగతి చెప్పుకొంటే ఈ చిక్కు తేటపడుతుంది. ఆ ఇంటి పెద్ద ప్రాథమిక పాఠశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఉపాధ్యాయుడు. హరిశ్చంద్ర పద్యాలు ఆయనకు కొట్టినపిండి. మనుమరాలు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నది, ద్వితీయభాష తెలుగు. పద్యమంటే పరీక్షకు ప్రతిపదార్థం రాయవలసినదని ఆ పిల్ల ఎరిగినది. పద్యాన్ని మనుషులు డబ్బిచ్చి వినేవారని చూపించాలన్న కోరికతో ఆయన ఒక ఆదివారం మధ్యాహ్నం టెలివిజన్‌లో నాటకం పెట్టించారు. అది ఒక తిరునాళ్ళలో జరిగిన ప్రదర్శన. కెమెరా ఒక్కటే, కదలకుండా ఒకచోట నిలబెట్టినది. పేరున్న నటులను ఊరూరినుండి పిలిపించి, సాధన లేకుండా ఒక రాత్రికి కూర్చే పద్ధతిలో ఆడిన నాటకమది. వాడుకలో వీటిని కాంట్రాక్టు నాటకాలంటారు. ఈ పద్ధతిలో మొదటి సగానికి ఒక హరిశ్చంద్రుడు, కాటిసీనుకు మరొక హరిశ్చంద్రుడు రావడం మామూలే. మొదటాయన సన్నగా, పొడుగ్గా ఉండి, రెండవ ఆయన పొట్టిగా, బొద్దుగా ఉన్నా పందిట్లో ఎవరూ పట్టించుకొనేవారు కారు. ఇంటిలో మాత్రం మనుమరాలు వెంటనే పట్టుకొన్నది. "కాశీకి వచ్చాక మనిషి మారిపోయాడేం తాతయ్యా?" అన్నది. "కష్టాలు తల్లీ, కష్టాలు" అన్నారాయన. ఇద్దరూ నవ్వుకొన్నారు గాని, ఆ ప్రశ్న నవ్వి తోసివేయదగినది కాదు.

ఆ పిల్లకు మొదట కష్టం కలిగించినది నటుల ముఖాలకు పూసిన రంగు. తరువాత గొంతు. ఇంత బిగ్గరగా ఎందుకు పాడుతున్నారని అడిగింది. దీనికి సమాధానం చరిత్రలో ఉన్నది. మైకులు రాకముందు వేలమంది కూర్చున్న మైదానంలో చివరి వరుసవానికి యతిస్థానం కూడా స్పష్టంగా వినిపించాలి. అందుకని హెచ్చు శ్రుతిలో పాడడం నేర్చారు. కాగడాల వెలుగులో, పెట్రోమాక్సు దీపాల వెలుగులో కనుబొమ కదలిక కనిపించాలంటే ముఖానికి దట్టంగా రంగు వేయాలి. చేయి ఎత్తితే భుజం దాటి ఎత్తాలి. అంటే ఇవన్నీ దూరం కోసం పుట్టిన నియమాలు. గోపురంమీది బొమ్మను నిచ్చెన వేసుకొని దగ్గరగా చూస్తే ముక్కు మొరటుగా, కళ్ళు గుడ్లుగా కనిపిస్తాయి. కిందనుండి చూసినవానికి అదే ముఖంలో దయ కనిపిస్తుంది. శిల్పి చెక్కినది కిందివాని కోసం. అట్లాగే వేయి గజాలకు విసిరిన గొంతు మూరెడు దూరంలోని చెవికి మొరటుగా తోస్తే, ఆ లోపాన్ని కళమీద మోపడం న్యాయం కాదు. ఈ విషయంలో తాతగారి పక్షమే సరియైనది.

అన్ని లోపాలనూ దూరంమీద నెట్టడానికి వీలులేదు. నక్షత్రకుడు గడువు దగ్గర పడుతున్నదని హెచ్చరిస్తుంటాడు. పొద్దు వాలితే మాట తప్పినవాడవుతాడు రాజు. ఆ నిముషంలో హరిశ్చంద్రుడు పద్యం అందుకొని, నాలుగు పాదాలు ముగించి, ఆఖరి అక్షరం మీద రాగం మొదలుపెట్టి, హార్మోనియంతో పోటీపడి, అది ఒకటి వాయిస్తే తాను రెండు పాడి, మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు, ఆరు నిమిషాలు ఆలపించాడు. "అప్పు కట్టాల్సిన గడువు అయిపోతుంటే ఈయన ఇంత తీరికగా పాడుతున్నాడేంటి?" అని అడిగింది మనుమరాలు. "జనం వచ్చేదే రాగం కోసం తల్లీ!" అన్నారు తాతగారు. "మరి నక్షత్రకుడు కూడా రాగం కోసమే వచ్చాడా? ఊరకే నిలబడి వింటున్నాడు" అన్నది ఆ పిల్ల. ఆయన మాట్లాడలేదు.

ఆ పిల్లకు తెలియకపోవచ్చు గాని, ఆమె అన్న మాటకు రెండు వేల ఏండ్ల నాటి తోడు ఉన్నది. భరతముని నాట్యశాస్త్రంలో పూర్వరంగాన్ని గూర్చి చెబుతూ, గీతవాద్య నృత్తాలు హద్దు మీరితే ఆడేవారికీ చూసేవారికీ కూడా ఖేదం కలుగుతుందని, అలసినవారికి రసభావాలు స్పష్టంగా అందవని హెచ్చరించాడు. నాటకం మొదలు కాకముందు జరిగే తంతుకే ఆయన ఈ హద్దు పెట్టాడంటే, కథ నడుస్తుండగా దానిని నిలబెట్టే ఆలాపనను గూర్చి ఏమనేవాడో ఊహించుకోవచ్చు. మన కాలానికి దగ్గరగా బళ్ళారి రాఘవ (1880–1946) నాటకంలో భావమే ప్రధానమని, సంగీతం దానిని మింగరాదని పట్టుబట్టినవారు. ఆయనను మెచ్చుకొన్నవారు ఎందరో ఉన్నారు, అనుసరించినవారు తక్కువ. దానికి కారణం టిక్కెట్టు కొన్నవాడే. చచ్చిపడిన పాత్ర సైతం 'వన్స్‌మోర్' వినపడితే లేచి పద్యం పాడి తిరిగి చచ్చేదని నాటకాలవాళ్ళు తమమీద తామే చెప్పుకొనే హాస్యం ఒకటి ఉన్నది. అందులో హాస్యమెంతో సత్యమూ అంతే.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. మూడు నిమిషాల రికార్డు గాయకుణ్ణి అదుపులో పెట్టింది. ఇంటిలో విన్నవారికి పద్యం దక్కింది. నేటి తెరకు అట్లాంటి హద్దు లేదు. మైదానంలో జరిగినదంతా తెచ్చి నట్టింట కుమ్మరిస్తుంది. పందిట్లో ఆరు నిమిషాల రాగం ఆరు నిమిషాలుగా తోచదు. చుట్టూ వేయిమంది ఊపిరి బిగబట్టి ఉంటారు. గాయకుడు పైస్థాయిలో నిలబడి ఉంటాడు. దిగుతాడా, ఇంకా ఎక్కుతాడా అన్న ఉత్కంఠ ఒక క్రీడలో ఉండే ఉత్కంఠ వంటిది. అది నిజమైన ఆనందమే. కాని అది నాటకం ఇచ్చిన ఆనందం కాదు, జనసమూహం ఇచ్చిన ఆనందం. ఇంటికి వచ్చేసరికి సమూహం రాలేదు. రాగం మాత్రం వచ్చింది. పెద్దాయన చెవిలో ఆ పాత సమూహం ఇంకా ఉన్నది కాబట్టి ఆయనకు ఆనందం కలుగుతున్నది. మనుమరాలికి ఆ జ్ఞాపకం లేదు. ఆమె విన్నది రాగాన్ని మాత్రమే.

చంద్రమతిని అమ్మే ఘట్టం వచ్చినప్పుడు ఆ ఇంటిలో వాతావరణం మారింది. మనుమరాలు ఫోను పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నది. తన మాట నిలబెట్టుకోవడానికి ఇంకొక మనిషిని అమ్మే హక్కు ఆయనకు ఎక్కడిది, ఆమె ఏమంటున్నదో నాటకంలో ఎందుకు వినిపించడం లేదు అని అడిగింది. తాతగారికి కోపం వచ్చింది. సత్యం కోసం అన్నీ వదులుకొన్న మహానుభావుని అట్లా అనరాదన్నారు. "ఆయన వదులుకొన్నది ఆయనది కాదు కదా తాతయ్యా, ఆవిడ ఆవిడే కదా" అన్నది ఆ పిల్ల. నాయనమ్మ వంటింట్లోనుండి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరి పక్షమూ మాట్లాడలేదు, వెళ్ళలేదు కూడా.

మార్కండేయ పురాణం తెరిచి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు కాదు గాని, ఒక దారి కనిపిస్తుంది. అక్కడ తనను అమ్మి బాకీ తీర్చమని ముందుగా పలికినది రాజు భార్యయే. ఆ మాట విని రాజు మూర్ఛపోతాడు. అంటే కథలో సత్యవ్రతం ఒక్కరిది కాదు. రాజు మాట ఇచ్చాడు. దానిని ఎట్లా చెల్లించాలో నిర్ణయించినది రాణి. ఈ ఒక్క సంగతి కథ బరువునంతా రెండవవైపు మొగ్గేటట్లు చేస్తుంది. అంతమాత్రాన మనిషిని అమ్మడం ధర్మమైపోదు. నేటి యువతి దానిని ఒప్పుకోనూ వద్దు. కాని చంద్రమతి సంతలో పశువువలె నిలబడిన అబల కాదని, తన నిర్ణయంతో తాను నిలబడిన వ్యక్తి అని ప్రేక్షకునికి తెలియాలి. ఆ తిరునాళ్ళ ప్రదర్శనలో అది తెలియలేదు. రాగాలకు చోటు చాలక మాటలు కోసివేశారు. కోసిన మాటలలో ఎక్కువ చంద్రమతివే. హరిశ్చంద్రునికి ఒక్కొక్క పద్యానికి ఆరు నిమిషాలు దొరికిన నాటకంలో, అమ్ముడుపోయే స్త్రీకి వాదించడానికి రెండు నిమిషాలు దొరకలేదు. ఆలాపన అతి అయితే చెవికి విసుగు కలగడం చిన్న నష్టం. పెద్ద నష్టం ఇది. మనుమరాలి ప్రశ్నకు సమాధానం కథలో ఉండి, ప్రదర్శనలో లేకుండా పోయింది.

కాటిసీనును గూర్చి మాత్రం తొందరపడి మాట్లాడరాదు. వీరబాహునికి బంటుగా, కర్ర భుజాన వేసుకొని, నల్లగుడ్డ కట్టుకొని హరిశ్చంద్రుడు ఒంటరిగా రంగంమీదికి వస్తాడు. వెనుక తెరమీద చితి, కొన్ని పుర్రెలు. తిరునాళ్ళ ప్రదర్శనలో ఆ పుర్రెలలో ఒకటి ఈదురుగాలికి దొర్లిపోయి ఎవరో పిల్లవాడు దానిని తెచ్చి మళ్ళీ పెట్టాడు. నటుడు కన్నెత్తలేదు. నలుపు కలిసిన రాత్రిలో సీసపద్యం మొదలుపెట్టాడు. కవి, రాజు, ఇల్లాలు, చిత్రకారుడు — ఎంతటివారైనా కలిసిపోయే చోటు ఇదేనని చెప్పే పద్యాలవి. "ఇవి మాత్రం వేరేగా ఉన్నాయి తాతయ్యా. ఇప్పటిదాకా పాడినవాటిలా లేవు" అన్నది మనుమరాలు.

వేరేగా ఉండడానికి కారణమున్నది. ఆ పద్యాలు లక్ష్మీకాంతకవివి కావు. గుఱ్ఱం జాషువా (1895–1971) తమ ఖండకావ్యంలో 'శ్మశానవాటి' అన్న శీర్షికతో రాసినవి. నాటకం కోసం పుట్టినవి కాకపోయినా, నటులు వాటిని కాటిసీనులోకి తెచ్చుకొన్నారు. ప్రేక్షకులు వదలనిచ్చారు కారు. ఇప్పుడు ఆ పద్యాలు లేని కాటిసీనును ఊహించడమే కష్టం. ఒక కవి నాటకంలో మరొక కవి పద్యం ఇంతగా ఇమిడిపోవడం అరుదు. ఇమడడం అన్న మాట కూడా చాలదు. జాషువా పద్యం వచ్చి కూర్చున్న తరువాత ఆ రంగం అర్థమే మారింది.

ఎట్లాగంటే, పాత కథలో రాజు కాటికాపరి కావడం ఆయన పొందిన దుర్గతికి పరాకాష్ఠ. అంతటి మహారాజు ఎవరి ఇంట బంటు అయ్యాడో చూడండి అని కథ మనచేత కన్నీరు పెట్టిస్తుంది. ఆ కన్నీటిలో కులాన్ని గూర్చిన తక్కువ చూపు దాగి ఉన్నది. జాషువా వినుకొండలో పుట్టి, అంటరానితనపు అవమానాలను స్వయంగా అనుభవించిన కవి. బ్రతికినవారి మధ్య గీసిన ఆ గీత కాటి హద్దు దాటి లోపలికి రాలేదన్నది ఆయన పద్యాల భావం. దుర్గతికి చివరి మెట్టని ప్రేక్షకుడు అనుకొన్న చోటే, మనుషులందరూ సమానంగా ఉన్న ఒకే ఒక్క చోటుగా కనిపిస్తుంది. ఏడుస్తున్నది రాజు కోసమా, లేక పక్కవానిని దూరంగా కూర్చోబెట్టి నాటకం చూస్తున్న తన కోసమా అన్న ప్రశ్న ప్రేక్షకునిపైకి తిరుగుతుంది. పద్యం ఆ పని చేయడానికి పెద్ద రాగం అవసరం లేదు. ఆ రాత్రి రెండవ హరిశ్చంద్రుడు వయసు మీరినవాడు, గొంతు అరిగినవాడు. పై షడ్జమానికి వెళ్ళలేక కిందనే ఉండి, మాటను మాటగా విడదీసి చెప్పాడు. పందిట్లో చప్పట్లు తక్కువే పడ్డాయి. నట్టింట మాత్రం ప్రతి అక్షరం వినిపించింది. దగ్గరతనం ఈ కళకు చేసిన మేలు కూడా ఒకటున్నదనడానికి ఇదే నిదర్శనం.

అప్పుడు నాయనమ్మ మాట్లాడింది. పెళ్ళికాక ముందు తమ ఊళ్ళో నాటకం ఆడితే పందిరి మధ్య తాడు కట్టేవారని, వాడ జనం తాడుకు అవతల కూర్చునేవారని చెప్పింది. "తక్కిన పద్యాలకు వాళ్ళూ ఈలలు వేసేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు. ఈ పద్యానికి మాత్రం కొట్టేవాళ్ళు కారు. ఊరకే వినేవాళ్ళు. ఆ వైపునుంచి చప్పుడే ఉండేది కాదు" అన్నది. తాతగారు ఆమె వైపు తిరిగి చూశారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు కాబోలు.

ప్రశంసను గూర్చి మాట్లాడేటప్పుడు ఆ నిశ్శబ్దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సన్మానసభలలో పద్యనాటకాన్ని పొగిడేవారు సాధారణంగా రెండు మాటలు చెబుతారు: ఇది తెలుగువారి సొత్తు, ఇది మరే భాషలోనూ లేదు. సొత్తయితే కావచ్చు, సొత్తు అయినంతమాత్రాన గొప్పది కాదు. ఇనప్పెట్టెలో ఉన్నవన్నీ బంగారం కావు. హరిశ్చంద్ర నాటకంలో మెచ్చదగినవి ఏవో విడివిడిగా చూపగలగాలి. నక్షత్రకుని పాత్ర అందులో ఒకటి. నవ్విస్తూనే పీడించి, పీడిస్తూనే తన పనికి తానే సిగ్గుపడే ఆ పాత్రను దగ్గరనుండి చూస్తే మరింత బాగుంటుంది. అక్షరం ముక్క రానివారి నోట సీసాన్ని, శార్దూలాన్ని, ఉత్పలమాలను నిలిపిన ఘనత రెండవది. బళ్ళు చేయలేని పనిని నాటకం చేసింది. కాటిసీను అన్నింటికంటే మిన్న. గడియారాన్ని మరిచిన ఆలాపనలను, ఇద్దరు ముగ్గురు నాయకుల కాంట్రాక్టు ప్రదర్శనలను, చంద్రమతి నోరు నొక్కిన కుదింపులను ఈ పొగడ్తలో కలపనవసరం లేదు. కలిపితే మొదటివాటి విలువ తగ్గుతుంది. ఇంటిలో చూసే కొత్తతరం ఈ రెండింటినీ విడదీయగలదు. దానికి చప్పట్ల ఒత్తిడి లేదు. విసుగు కలిగినప్పుడు విసుగన్నది, ప్రశ్న కలిగినప్పుడు అడిగింది, జాషువా పద్యం వచ్చినప్పుడు తనంతట తానే గుర్తుపట్టింది. చిన్ననాటినుండి మెచ్చుకొంటూ వచ్చిన పెద్దాయన మెచ్చుకోలుకంటె ఆ గుర్తుపట్టడమే నాటకానికి ఎక్కువ గౌరవం.

అన్నట్టు, నాటకం పూర్తయిన తరువాత మనుమరాలు వీడియోను మళ్ళీ వెనుకకు జరిపి కాటిసీను దగ్గర నిలిపింది. తెరకు ఎడమ అంచున, సగం కోసుకుపోయి, హార్మోనియం మీద ఒక కుడిచేయి కనిపిస్తున్నది. ముసలి నటుని గొంతు ఎక్కడ తడబడితే అక్కడ ఆ చేయి శ్రుతిని మెల్లగా పట్టి ఉంచి, మళ్ళీ ఆయన అందుకోగానే తగ్గిపోతున్నది. రాత్రంతా ఇద్దరు హరిశ్చంద్రులకు, ఒక చంద్రమతికి, నక్షత్రకునికి, విశ్వామిత్రునికి ఆ చేయే తోడు. ముఖం ఒక్కసారి కూడా తెరలోకి రాలేదు. ఆయనెవరని మనుమరాలు అడిగితే తాతగారు కళ్ళజోడు సవరించుకొని వీడియో కింది వివరాలు చదివారు. నటుల పేర్లున్నాయి. ప్రదర్శనకు చందాలిచ్చిన దాతల పేర్లు పదకొండు ఉన్నాయి. హార్మోనియం వాయించినవారి పేరు లేదు.